ఎదురు కరెంటు

కవచం గదికి కోటిన్నర అవుతుందన్నారు.
మా దగ్గరున్నది రేకుల షెడ్డు,
మర్రిపాలెంలో, రైలు పట్టాలకి కేకవేటు దూరం.
అల్లిపురంలో మోటార్లు వైండింగు చేసే జలీలు
మూడు జతల రాగి చుట్టలు చుట్టిచ్చాడు.
టేకు చట్రం, ఒక్కోదానికీ నూట ఇరవై చుట్లు.
ఇనప మేకు ఒక్కటి కూడా వద్దంటే
ఇదెక్కడి ఆచారమని నవ్వి,
నాలుగు కొట్లు తిరిగి ఇత్తడి మరలు తెచ్చాడు.

నడిమధ్యన, చింతగింజంత గాజుబుడ్డి.
అందులో కాగిన రుబిడియం ఆవిరి,
కంటికి ఆనీ ఆనని ఎర్రటి లేజరు
ఆ అణువులన్నిటినీ ఒకే వైపుకి దువ్వి నిలబెడుతుంది.
చుట్టుపక్కల ఏ ఇనుము కదిలినా
పందిట్లో తమ పేరు విన్నట్టు
తల తిప్పేస్తాయి.

ఇక ఈ ఊళ్ళో ఇనుముకేం కరువు!
భూమి సరే, నలభై రెండు వేల నానోటెస్లాలు,
ఉత్తరానికి, కాస్త కిందికి వాలి,
మనం పుట్టకముందు నుంచీ ఉన్నదే.
దాని మీద సెకనుకి యాభైసార్లు వణికే ట్రాన్స్‌ఫార్మరు.
పక్క అపార్టుమెంటు లిఫ్టు.
పాలవాడు తోసే గేటు.
అనంతగిరి కొండలు దిగి హార్బరుకి పోయే ఖనిజం గూడ్సు,
కూత చెవిన పడకముందే తెర మీద గీత వంగిపోతుంది.

వీటిలో దేన్నీ ఆపమని అడగలేం.
ఎవరి లెక్క వాళ్ళకి కట్టి
సరిగ్గా అంతే కరెంటు ఎదురు పంపాలి.
ఉత్తరం చుట్టకి నూట ఎనభై మూడు మిల్లీలు,
నిలువు చుట్టకి అరవై ఆరు,
తూర్పుకి మూడు. గూడ్సు వస్తే
అది వెళ్ళేదాకా క్షణక్షణం సర్దుతూనే ఉండాలి.
నాలుగు నెలలకి, ఒక రాత్రి రెండు దాటాక
గీత పడుకుంది.
నా జడపిన్నులు అప్పటికే బయట స్టూలు మీద.

గుండెని కొలవాలంటే మనిషి కావాలి కదా.
వాచ్‌మన్ సూరిదేముడు చొక్కా విప్పాడు,
తాళాలగుత్తి దూరంగా గేటుకి తగిలించొచ్చి
చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు.
"కదలకూడదంటన్నారు. ఊపిరి కూడానేటమ్మా?"
తీసుకో అన్నాను.

గీత లేచింది.
గుండె కాదది. గుండె అంత తీరిగ్గా కొట్టుకోదు.
పెద్ద అల. లేచి, కాసేపు నిలిచి, దిగి,
అతని ఊపిరితో లేస్తోంది, ఊపిరితోనే దిగుతోంది.
ఎడమ భుజం కింద, చర్మానికీ ఎముకకీ మధ్య, ఏదో.

చాలాసేపు కప్పుకేసి చూసి, అప్పుడు నవ్వాడు.
"షిప్‌యార్డులో సిప్పింగు పనమ్మా. తొంభైరెండు.
ఓడ అడుగున తుప్పు కొడతంటే రవ్వొకటి ఎగిరొచ్చి దూరిపోనాది.
డాకటేరు తీసేసినానన్నాడు.
ఇక్కడే ఉన్నాదేటి?"
వేలితో తడుముకున్నాడు.
ఏ ఓడ అని అడిగాను. పేరు గుర్తు లేదు.
"ఎప్పుడో ముక్కలు సేసేసుంటారు. ఇదొక్కటే మిగిలినాది గావాల."

దానికీ కట్టాను లెక్క.
పొట్ట చుట్టూ రబ్బరు బెల్టు,
అది సాగిన మేరకి చిన్న చుట్టలో ఎదురు కరెంటు.
మూడున్నరకి, ఆ గాజుబుడ్డి దగ్గర
భూమి లేదు, ట్రాన్స్‌ఫార్మరు లేదు, ఓడ లేదు.
అన్నిటికన్నా అడుగున,
భూమి బలంలో పది లక్షలో వంతు,
పిట్ట గింజలు ఏరుకుంటున్నట్టు
పొడుపు, పొడుపు, కొంచెం ఆగి పొడుపు.

తెర వైపు మెడ తిప్పి చూశాడు.
"ఇదేనా?"
ఇదే.
"మరి నా ఇనుమేదమ్మా?"
కనపడకుండా చేశాను.
"ఒగ్గీండి ఓసారి. సూస్తాను."

ఆ ఒక్క చుట్టకీ స్విచ్చి ఆపాను.
అల లేచింది.
ఇద్దరం మాట్లాడకుండా చూస్తూ కూచున్నాం,
నాలుగూ పదికి గూడ్సు వచ్చి గీతంతా చెరిపేసేదాకా.

పొద్దున్న పుస్తకంలో రాశాను:
భూమి. ట్రాన్స్‌ఫార్మరు. లిఫ్టు. గూడ్సు.
ఓడ, పేరు తెలీదు, ఐదు మైక్రోలు,
ఊపిరిని బట్టి మారుతుంది.